తట్టే గోడ

ఆ చోటుకి ఏనాడూ మంచి పేరు లేదు. సముద్రం ఒడ్డున ఇసుక అయిపోయి నల్లరాతి కొండ మొదలయ్యే దగ్గర రాతిలో ఒక నెర్ర ఉంది. మనిషి పక్కకి తిరిగితే పట్టేంత ఇరుకు. దాన్ని తట్టే గోడ అంటారు. పొద్దువాలాక అక్కడ నిలబడితే రాతి లోపల్నించి తట్టిన చప్పుడు వస్తుందట. గట్టిగా కాదు, మెల్లగా. టక్... టక్. తర్వాత ఆగుతుంది — అవతలివాళ్ళు చెవి ఆనించి వింటున్నంతసేపు. మళ్ళీ టక్... టక్.

రాళ్ళు కొట్టే మేస్త్రీ ఒకడు కొండ విరిగిపడి లోపలే ఉండిపోయాడనీ, వాడే తడుతున్నాడనీ చెప్పుకుంటారు. వింటే విను గానీ పలక్కు అంటారు. పలికావో, తవ్వి తియ్యడానికి వచ్చావనుకుంటాడు. బయటికి తీసేదాకా నిన్ను వదలడు. నువ్వు వచ్చిన దారి మూసేస్తాడు.

నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాదు. జీవితమంతా కుట్టుమిషన్ తొక్కి బతికాను. కాజాలో ఒక్క దారప్పోగు పక్కకి జరిగినా విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. చదువు లేదు, అక్షరాలు కూడబలుక్కుంటూ రాస్తున్నాను. నా రాత వంకర కావచ్చు గానీ మాట వంకర కాదు. మా ఇంటికి ఎవరొచ్చినా తలుపు తట్టరు. బయట నిలబడి నోరారా పిలుస్తారు. నేనే అలా అలవాటు చేశాను. ఎందుకో చెబుతాను.

మా తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు. అమ్మ పోయాక వాణ్ణి నేనే పెంచాను. వాడికీ మరదలికీ పిల్లల్లేరు. మరదలు ఆస్పత్రిలో నర్సు, రాత్రి డ్యూటీలు ఎక్కువ. నలుగురూ సెలవు రోజున సినిమాకి పోతారు. వీడు సుత్తీ ఉలీ సంచీలో వేసుకుని సముద్రం ఒడ్డుకి పోతాడు. రాళ్ళ కోసం! ఎప్పుడో మనుషులే లేని కాలంలో సముద్రంలో తిరిగిన ప్రాణులు బురదలో చిక్కుకుపోయి అలాగే రాయైపోయాయట. శిలాజాలంటారట వాటిని. మా ఇంట్లో చుట్టరాళ్ళంటాం, నత్తల్లా చుట్టలు చుట్టుకుని ఉంటాయి కాబట్టి.

గుండ్రాయిని ఒక్క దెబ్బతో సరిగ్గా రెండు సగాలు చేస్తాడు. ఒక సగంలో చుట్ట బొడిపెలా పైకి లేచి ఉంటుంది, రెండో సగంలో దాని గుంట ఉంటుంది. రవిక టిచ్ బొత్తాం చూడండి, అచ్చం అలాగే. రెండూ కలిపి నొక్కితే టిక్కుమని కూర్చుంటాయి. ఇంట్లో బీరువా నిండా అవే ఉన్నాయి. నా చీరలు ట్రంకు పెట్టెలోకి పోయాయి. పోనీలే, తాగుడు కన్నా నయం అని ఊరుకున్నాను.

పగలగొట్టే ముందు వాడు రాయిని అడుగుతాడు. ఈ రాళ్ళు ఏరేవాళ్ళు వాళ్ళలో వాళ్ళు అలాగే అంటారు — రాయిని అడగడం. సుత్తి పిడితో రెండుసార్లు మెల్లగా తట్టి చెవి ఆనిస్తాడు. ఆ మోతని బట్టి లోపల ప్రాణి ఉందో వట్టి రాయో తెలుస్తుందట. అది చేతికి రోగంలా పట్టుకుంది. బల్ల కనిపిస్తే తడతాడు, గోడ కనిపిస్తే తడతాడు, నిద్రలో మంచంపట్టె తడతాడు.

"మీ బావమరిది బుర్ర కూడా ఒకసారి తట్టి చూడరా. బాగా బోలుగా మోగుతుంది," అన్నాను ఒకసారి.

ఈ రాళ్ళ పిచ్చి వాడికి అంటించింది ఆ బావమరిదే. మరదలి తమ్ముడు. ఫోటో స్టూడియో నడుపుతాడు. మా తమ్ముడి పెళ్ళికి ఫోటోలు తీసింది అతనే. ఆల్బమ్ మొదటినించి చివరిదాకా తిప్పండి, నేను కనిపించను. ఒక్క ఫోటోలో అంచున నా మోచెయ్యి ఉంటుంది. తల్లి తర్వాత తల్లినై పెంచి, దగ్గరుండి పెళ్ళి చేసి, చివరికి మోచెయ్యిగా మిగిలాను. ఆ రోజునించీ అతనితో మాటల్లేవు.

అతను మాత్రం సిగ్గులేకుండా వస్తాడు. "వదినగారూ, బావున్నారా?"

నేను తమ్ముడి వైపు తిరిగి, "చెప్పులు గుమ్మం బయట విప్పమను," అంటాను.

"విప్పానండీ."

"విప్పాడటరా? ఒకటి లోపల, ఒకటి బయట. ఆ ఫోటోల్లాగే."

తమ్ముడు తల పట్టుకుంటాడు. "మాట్లాడితే నీ నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా అక్కా?"

"రాలిపోతే ఏరుకోవడానికి నాకు నడుము వంగదు," అంటాను. మాట్లాడకుండా ఉండటం కూడా ఒక విద్యే. అందరికీ రాదు.

సరే. ఆ సాయంత్రం సంగతికి వస్తాను. ఇది తమ్ముడు నాకు చెప్పింది చెప్పినట్టు.

ఆ తట్టే గోడ నెర్రలో పెద్ద గుండ్రాయి ఉందని బావమరిదే కనిపెట్టాడు. చూడటానికి ఇద్దరూ వెళ్ళారు. అక్కడ పోటు వచ్చిందంటే నెర్ర సగానికి పైగా నీళ్ళతో నిండిపోతుంది. అందుకని తమ్ముడు లోపలికి దూరేటట్టు, బావమరిది కొండమీద నిలబడి సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండేటట్టు, నీళ్ళు తిరగగానే కేక వేసేటట్టు ఒప్పందం. అతను నిలబడ్డాడు, కాదనను. ఆకాశం ఎర్రబడింది. కెమెరా తీశాడు. ఇంకొంచెం బాగా పడాలని కొండ అవతలి వైపుకి పోయాడు.

అక్కడా మోచేతులే పడి ఉంటాయి.

తమ్ముడు సంచీ, ఫోనూ బయట రాతిమీద పెట్టి, సుత్తీ ఉలీ టార్చీ పట్టుకుని పక్కవాటంగా లోపలికి జరిగాడు. నెర్ర చివర ఛాతీ ఎత్తున, గోడలో పాతుకుని ఉంది ఆ గుండ్రాయి. మనిషి తలకాయంత. అంత పెద్దది వాడు ఎన్నడూ చూడలేదు. ఒళ్ళు తెలియలేదు. దానిమీద నాచు తుడిచాడు. మట్టి గీకాడు. చెవి దగ్గరగా పెట్టాడు — ఇంకా తట్టలేదు.

టక్... టక్.

లోపల్నించి.

అల అయ్యుంటుంది అనుకున్నాడు. ఏదో గులకరాయి దొర్లి ఉంటుంది అనుకున్నాడు. మనసు ఇలా అనుకుంటూనే ఉంది... చెయ్యి మాత్రం ఊరుకోలేదు. ఇన్నేళ్ళ అలవాటు. సుత్తి పిడి తిరగేసి తనూ తట్టాడు. టక్, టక్.

పలికాడు.

ఏమంత పెద్ద చప్పుడు కాలేదట. బల్ల సొరుగు నెట్టినప్పుడు అవుతుందే, అలా వెనకాల ఏదో జరిగి ఆగింది. తిరిగి చూస్తే వెలుగు లేదు. పైనించి ఒక బండ జారి నెర్ర మూతికి బిరడాలా కూర్చుంది. అంచు సందులో చెయ్యి పెడితే మణికట్టు దాకా దూరింది, అంతే. ఆ కంగారులో టార్చి జారి కింద పడి ఆరిపోయింది.

అరిచాడు. బావమరిదిని పిలిచాడు. నన్ను కూడా పిలిచాడట... నేను ఎక్కడున్నానని!

తర్వాత పాదాలకి చల్లగా తగిలింది.

బండ కిందనించి నీళ్ళు వస్తున్నాయి. ఒక అల వచ్చి వెనక్కి పోయేది. ఇంకో అల వచ్చి కొంచెం మిగిలిపోయేది. చీలమండలు మునిగాయి. మోకాళ్ళు మునిగాయి. ముందు రాయి, వెనక రాయి. కూర్చోవడానికి లేదు, తిరగడానికి లేదు, ఊపిరి గట్టిగా పీలిస్తే ఛాతీ గోడకి తగులుతోంది. ఆ చీకట్లో ఛాతీకి ఎదురుగా —

టక్... టక్.

ఆగింది. వింటోంది. మళ్ళీ తట్టింది.

"దానికి తొందర లేదక్కా," అన్నాడు తమ్ముడు. "నీళ్ళు నా నడుము దాకా వచ్చాయి. అది మాత్రం ప్రతిసారీ అంతేసేపు ఆగి, అంతే మెల్లగా తడుతోంది. నేను చచ్చినా ఇంకొకడు వస్తాడులే అన్నట్టు..."

అప్పుడు చేత్తో తడిమితే తలకి పైన రాతిలో అరుగులాంటి గట్టు తగిలింది. అది ఎక్కితే బతుకుతాడు. ఎక్కడానికి కాలు పెట్టే చోటు లేదు. గోడ నున్నగా, నాచుతో జారుతోంది. చోటు దొరకాలంటే ఒక్కటే దారి. ఆ గుండ్రాయిని పెకలిస్తే, అది ఉన్న గుంటలో కాలు పెట్టొచ్చు.

కళ్ళు కనపడకుండా ఉలి ఆనించి కొట్టాడు. వేళ్ళమీద కొట్టుకున్నాడు. కొడుతున్నంతసేపూ లోపలి చప్పుడు లేదు. ఊపిరి బిగబట్టుకుని ఉందన్నట్టు... చివరికి పుచ్చిన పన్ను ఊడినట్టు ఊడి, వాడి చేతుల్లో పడింది. గుంటలో కాలు పెట్టి, గట్టుమీదికి పాకాడు. అక్కడ కూర్చోవడానికి కూడా చోటు చాలదు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకున్నాడు. నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చి పాదాల్ని నాకుతూ ఆగాయి.

"మరి ఆ రాయేం చేశావురా?"

"ఒళ్ళో పెట్టుకున్నా."

"ప్రాణం మీదికొచ్చినా వదల్లేదా?"

"అంత పెద్దది మళ్ళీ దొరకదక్కా..."

ఇలాంటి మనిషికి ఏం చెప్తాం!

ఆటు మొదలై నీళ్ళు దిగాక చూస్తే, మూతికి అడ్డంపడ్డ బండ లేదు. నీళ్ళు దొర్లించుకుపోయాయి కాబోలు. తమ్ముడు దేక్కుంటూ బయటపడ్డాడు. అప్పటికి బావమరిది టార్చీ, తాడూ, జనాన్నీ పోగేసుకుని వచ్చాడు. ఏడుస్తున్నాడు కూడానట.

"తట్టింది నేనే బావా!" అన్నాడట తమ్ముడి మాట విని. "నువ్వు కనిపించకపోతే కొండమీద కెమెరా స్టాండు కాలితో రాతిమీద కొడుతూ వెతికాను. రెండు కొట్టడం, ఆగి వినడం. రెండు కొట్టడం, ఆగి వినడం. అదే నీకు వినిపించింది."

అందరూ నవ్వేశారు. తమ్ముడూ నవ్వాడు. దెయ్యమూ లేదు, మేస్త్రీ లేడు. మర్నాడు అతను మా ఇంటికొచ్చి అదంతా మళ్ళీ చెప్పాడు. నేను గోడ వైపు చూస్తూ విన్నాను. కొండమీద కొడితే చప్పుడు నెత్తిమీద వినపడాలి గానీ, ఛాతీ ముందు ఎందుకు వినపడుతుంది? అడుగుదామనుకున్నాను. అడిగితే మాట్లాడినట్టు అవుతుంది. అడగలేదు.

"వదినగారూ, తప్పు నాదే. క్షమించానని ఒక్కమాట అనండి," అన్నాడు వెళ్తూ.

"గుమ్మం జాగ్రత్త అని చెప్పరా," అన్నాను తమ్ముడితో.

ఆ రాత్రి మరదలికి డ్యూటీ. ఇంట్లో నేనూ, తమ్ముడూ. వాడు వేళ్ళకి కట్లు కట్టుకుని మంచంమీద కునుకు తీస్తున్నాడు. గుండ్రాయి గడియారాల బల్లమీద ఉంది. మర్నాడు పగలగొడతానన్నాడు. నేను దీపం కింద కూర్చుని లంగా అంచు మడిచి కుడుతున్నాను. మా ఇంట్లో గోడనిండా గడియారాలే, నిశ్శబ్దం అన్నది ఉండదు. అందుకని మొదట పట్టించుకోలేదు.

టక్... టక్.

సూది ఆగిపోయింది నా చేతిలో. గడియారాలకి ఆగడం తెలియదు. ఇది ఆగింది. ఆగి... వింది.

టక్... టక్.

బల్లమీదనించి.

నేను పలకలేదు. పలకాలని కూడా అనిపించలేదు. పలక్కుండా ఉండటం నాకు కొత్తా? సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టాను. లేచి ఆ రాయిని వీధిలోకి గిరాటెయ్యాలి అనుకున్నాను. ఒక్క అడుగు వేశాను.

వెనక మంచంమీద తమ్ముడు, కళ్ళు మూసుకునే ఉన్నాడు. కట్టు కట్టిన వేలు మెల్లగా లేచింది. మంచంపట్టె మీద — టక్, టక్.

"ఒరేయ్!"

ఉలిక్కిపడి లేచాడు. నేను తలుపు దగ్గరికి పోయాను. గడియ తీశాను. గడియ వచ్చింది, తలుపు రాలేదు. భుజం పెట్టి తోశాను. అవతల ఎవరో వీపు ఆనించి కూర్చున్నట్టు ఉంది. పెరటి తలుపూ అంతే. కిటికీలకి ఊచలు. వీధిలోకి కేకేశాను. పక్కింటివాళ్ళ దీపం వెలుగుతోంది, టీవీలో ఎవరో నవ్వుతున్నారు. నా కేక నా నోటి దగ్గరే పడిపోయినట్టుంది.

"మళ్ళీ మూసుకుపోయిందక్కా," అన్నాడు తమ్ముడు. చిన్నప్పటి గొంతు వచ్చేసింది వాడికి. గోడకి ఆనుకుని పక్కకి తిరిగి నిలబడ్డాడు, ఇంకా ఆ నెర్రలోనే ఉన్నట్టు. "మళ్ళీ మూసుకుపోయింది... నీళ్ళొస్తాయి..."

"ఇల్లురా ఇది. నీళ్ళెక్కణ్ణించి వస్తాయి?"

అంటూనే కిందికి చూశాను. బల్ల కాలు వెంట సన్నగా, నల్లగా తడి జారుతోంది. ఉప్పువాసన.

వాడు సుత్తి అందుకున్నాడు.

"కొట్టకురా. నా మాట విను."

"అక్కడ రాయిని గోడలోంచి తీస్తేనే దారిచ్చింది. ఇక్కడ రాయి లోపలున్నదాన్ని తీస్తేనే ఇస్తుంది." రాయిని బల్ల మధ్యకి జరిపాడు. "ఇంకోసారి అలా ఇరుక్కోలేనక్కా. నావల్ల కాదు."

కొట్టాడు. ఒక్కటే దెబ్బ.

రాయి రెండు సగాలై బల్లమీద అటూ ఇటూ వాలింది. ఎంత భయంలోనైనా అలవాటు అలవాటే, ఇద్దరం దీపం దగ్గరికి పట్టుకుని చూశాం. ఒక సగంలో గుంట. చుట్టలు చుట్టలుగా, లోతుగా, చక్కగా అచ్చు పడి ఉంది.

రెండో సగంలోనూ గుంటే.

తమ్ముడు రెంటినీ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇలా ఉండదు," అన్నాడు గొణుగుతూ. "ఇలా ఎప్పుడూ ఉండదు. ఒకవైపు బొడిపె ఉండాలి..."

"మధ్యలో ఉండాల్సింది ఏదిరా?"

రెండు గుంటలూ తడిగా మెరుస్తున్నాయి, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళిన పక్కలా. మేస్త్రీ అట, మేస్త్రీ! మేస్త్రీలు పుట్టకముందునించీ ఉంది అది ఆ రాతిలో.

నా పాదాలమీదుగా చల్లగా ఏదో పాకినట్టయింది. వీధి తలుపు దానంతట అదే కిర్రుమని తెరుచుకుంది.

పరుగెత్తి మూసి గడియ పెట్టాను. బయటనించి... టక్... టక్.

తమ్ముడి చెయ్యి లేవబోయింది. మణికట్టు పట్టుకున్నాను.

"బావమరిదేమో అక్కా," అన్నాడు రహస్యంగా. "రాత్రి ఒకసారి వచ్చి చూసి పోతానన్నాడు."

"అతనికైతే అసలు తియ్యను."

టక్... టక్. ఆగింది. నేను ఊపిరి కూడా పైకి వదల్లేదు. ఎంతసేపు విన్నదో. ఈ ఇంట్లో పలికేవాళ్ళు లేరనుకుంది కాబోలు... ఇక తట్టలేదు. తమ్ముడి చెయ్యి మాత్రం తెల్లారేదాకా వదల్లేదు నేను.

పొద్దున్నే వీధిలోంచి, "బావా! బావా!" అని కేక. తలుపు తీశాను. బావమరిది. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది, బొత్తాలు రెండు ఊడిపోయాయి. చేతి వేళ్ళ కణుపులన్నీ చెక్కుకుపోయి ఉన్నాయి. మోకాళ్ళ దాకా తడి.

ఆ మోచేతి ఫోటో తర్వాత మొదటిసారి నేను అతని మొహంలోకి చూసి మాట్లాడాను.

"రాత్రి వచ్చి మా తలుపు తట్టింది నువ్వేనా?"

నేను మాట్లాడినందుకు అతనికి ఆశ్చర్యం కూడా కలగలేదు. తల అడ్డంగా ఊపాడు.

"నేను రాలేదు వదినగారూ... రాలేకపోయాను. రాత్రంతా స్టూడియో డార్క్‌రూములో ఇరుక్కుపోయాను. తలుపు ఎంతకీ రాదు, ఆ గదికి కిటికీ లేదు. కిందనించి నీళ్ళు. ఇప్పుడే పక్కషాపు వాళ్ళు తలుపు పగలగొట్టి తీశారు."

"ఎలా ఇరుక్కున్నావు?"

"ఫోటోలు కడుగుతున్నాను. బయటనించి ఎవరో మెల్లగా తట్టారు. రెండుసార్లు." చెక్కుకుపోయిన కణుపులు చూసుకున్నాడు. "నాకు మీరే గుర్తొచ్చారు వదినగారూ. కోపం తీరి వచ్చారేమో అనుకున్నాను. పేరు పెట్టి పిలవడం ఇష్టంలేక తట్టారేమో అనుకున్నాను..."

"అనుకుని?"

అతను నా వంక చూశాడు. వెనక గదిలో తమ్ముడు లేచి నిలబడిన చప్పుడు వినిపించింది.

"నేనూ లోపల్నించి తట్టాను."